వైజాగ్‌లో నాలుగు రోజులు: హలాల్ భోజనం, నమాజు, మోకాళ్ల నొప్పుల అత్తమ్మ

నంద్యాల టీచరమ్మ:

అందరికీ సలాం, నమస్తే. డిసెంబరు ఆఖరి వారంలో వైజాగ్ వస్తున్నాం. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరికినాయి కాబట్టి రావడం గ్యారంటీ. ఐదుగురం: నేను, మా ఆయన, అత్తమ్మ, తొమ్మిదో తరగతి పిల్లోడు, నాలుగో తరగతి పాప. పాపకు సబ్‌మెరైన్ కావాలి. పిల్లోనికి రొయ్యలు తప్ప ఇంకేం వద్దు. మా ఆయనకు అరకు రైలు. అత్తమ్మకు మాత్రం ఒకటే: కొండ మీది దర్గా.

ఎందుకంటే మా మామ బతికుండగా బేతంచెర్ల బండలు లారీలో వైజాగ్‌కు తోలేవారు. ఒకసారి ఆ దర్గాకు పోయొచ్చి, పైనుంచి చూస్తే ఓడలు అగ్గిపెట్టెల మాదిరి కనపడతాయని అత్తమ్మకు చెప్పినారంట. నలభై ఏళ్లుగా ఆ అగ్గిపెట్టెలు ఆమె కళ్లలోనే ఉన్నాయి. ఇప్పుడేమో మోకాళ్లు సహకరించవు.

ఇక నా దిగులు తిండి గురించి. పోయిన ఏడాది ఇంకో సముద్రపు ఊరికి పోయినాం, పేరెందుకులే. దిగిన హోటల్లో కింద రెస్టారెంటు, దాని పక్కన ఒక గాజు తలుపు, ఆ తలుపు వెనక బారు. రాత్రి ఎనిమిది దాటితే లిఫ్టు దాకా పోయేందుకు అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. సర్వర్ని పిలిచి "చికెన్ హలాలేనా?" అంటే "అవును మేడమ్, చాలా ఫ్రెష్" అన్నాడు. మా ఆయన ఇంకేం మాట్లాడకుండా మెనూ కార్డు మూసేసినాడు. మూడు రోజులు పెరుగన్నం, ఆమ్లెట్, చిప్స్ ప్యాకెట్లు. తిరిగొచ్చేటప్పుడు రైలు నంద్యాలలో ఆగీ ఆగకముందే పిల్లోడు బిర్యానీ బండి వైపు ఉరికినాడు.

మా ఊళ్లో ఈ బాధ తెలియదు. కోళ్ల అంగడి ఎవరిదైనా కోసేది మనోళ్లే. హిందువుల ఇళ్లల్లో ఫంక్షన్ అయినా ఏట ఎవరు కోసినారని అడగాల్సిన పని రాదు. అడగకుండానే పెరిగినాం కాబట్టి ఇప్పుడు అడగాలంటే నోరు రాదు.

కాబట్టి వైజాగ్ వాళ్లు చెప్పండి. ఏ వైపు రూము తీసుకోవాలి? ఎక్కడ నమ్మి తినొచ్చు? బీచ్‌లో ఉండగా నమాజు టైమైతే ఆడవాళ్లం ఏం చేయాలి? దర్గాకు మెట్లు ఎన్ని అని కాదు, ముసలామె ఎక్కగలదా అని చెప్పండి. అరకులో బొంగు చికెన్ సంగతేంది?

బీచ్‌రోడ్ బాబు:

నాలుగు రోజులే కదండీ, వెజ్ తినేస్తే పోలా? పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, రాత్రి పెసరట్టు. బీచ్‌రోడ్‌లో సముద్రం కనిపించే రూము తీసుకోండి, కిటికీలోంచి సూర్యోదయం చూడండి. దీనికింత ఆలోచన ఎందుకో అర్థం కాలేదు.

నంద్యాల టీచరమ్మ:

అన్నా, పోయినసారి చేసింది అదే. మీరు వైజాగ్‌లో ఉండి, చేప ముట్టకుండా నాలుగు రోజులు ఇడ్లీ తిని మా పిల్లోనికి చూపించండి, ఒప్పుకుంటాడేమో.

వన్‌టౌన్ చాచా:

అమ్మా, వాలేకుం అస్సలాం. నేను పోర్టులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. మా ఇల్లు పాతూళ్లో, దర్గాకొండ నీడలో. మీ మామగారి అగ్గిపెట్టెలు రోజూ చూసే మనిషిని కాబట్టి ఈ ప్రశ్న నాకే వచ్చిందనుకుంటున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు తిండి. కర్నూలు, నంద్యాల వేరు, ఇది వేరు. ఇక్కడ మనవాళ్లు తక్కువ. అడిగే తినాలి, అందులో సిగ్గేం లేదు. కాకపోతే "హలాలేనా" అని అడక్కండి. ఆ ప్రశ్నకి ప్రపంచంలో ఏ హోటల్లోనూ "కాదు" అనే జవాబు రాదు. "మటన్ ఏ షాపు నుంచి వస్తుంది బాబూ, కోసేదెవరు?" అనండి. నిజంగా తెచ్చేవాడు షాపు పేరు, సందు పేరు టక్కున చెప్తాడు. తెలియనివాడు లోపలికెళ్లి ఇంకొకణ్ణి అడిగొస్తాడు. అలా లోపలికి వెళ్లాడంటే మీరు లేచి వచ్చేయండి. గోడ మీద బిస్మిల్లాకి గుర్తుగా రాసే 786 ఉందా, శుక్రవారం జుమా వేళకి గల్లాపెట్టె దగ్గర మనిషి మాయమవుతాడా, ఇవి నేను చూసే గుర్తులు. ఇంకోటి, ఈమధ్య మందీ బిర్యానీ బోర్డులు చాలా లేచాయి. అరబ్బు పళ్లెం, నేల మీద పరుపులు చూసి హలాల్ అనుకోకండి. పళ్లెం అరబ్బుదైనా కోడి ఎక్కడిదో అడగాల్సిందే.

జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణామార్కెట్ వైపు, అక్కణ్ణించి పాతూళ్లోకి వచ్చే దారిలో మనవాళ్ల బిర్యానీ హోటళ్లు, కబాబ్ బళ్లు తగుల్తాయి. ఏసీలు, అద్దాలు ఉండవు. బారు కూడా ఉండదు. అందుకే రూము జగదాంబ, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల చూసుకోండి. బీచ్ ఆటోలో పది నిమిషాలు. సముద్రం కనిపించే కిటికీకి పెట్టే డబ్బుతో ఇక్కడ వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ దొరుకుతుంది. బుక్ చేసేముందు ఫోన్ చేసి కింద బారుందా అని సూటిగా అడగండి, ఫోటోల్లో అది ఎప్పుడూ కనపడదు.

వంటగది ఎందుకన్నానంటే చేప కోసం. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి మీవారిని, అబ్బాయిని పంపండి. బోట్లు వచ్చిన వేళ అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు, చెప్పులు మాత్రం పాతవి వేసుకెళ్లమనండి. వంజరం, చందువ, రొయ్య ఏది కావాలంటే అది. చేపకి జిబహ్, అంటే అల్లా పేరు చెప్పి కోసే గొడవ లేదు, అల్లా సులువు చేశాడు. కానీ బీచ్ బళ్ల దగ్గర ఒక్క జాగ్రత్త: చేప, చికెన్ ఒకే నూనెలో వేయిస్తారు. ఒకసారి మా మనవడితో కలిసి నించుని చూశాను. అట్లకాడతో చికెన్ ముక్కలు తీశాడు, అదే మూకుట్లో మా చేప వేశాడు. అడిగితే "చేపే కదా సార్" అన్నాడు. అతని తప్పేం లేదు, అతనికి ఆ లెక్క తెలియదు. అప్పటినుంచి నేను పెనం మీద కాల్చే బండి వెతుక్కుని, పెనం కడిగించి, ఎదురుగా నించుని కాల్పించుకుంటాను. లేదంటే మురీ మిక్స్చర్ పొట్లం చాలు. మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మరసం. బీచ్‌కి అదే అందం.

ఇప్పుడు నమాజు. మీరు ముసాఫిర్లు, అంటే ప్రయాణికులు, పదిహేను రోజుల లోపే ఉంటారు కాబట్టి మధ్యాహ్నం జొహర్, సాయంత్రం అసర్, రాత్రి ఇషా నమాజుల్లో ఫర్జ్, అంటే తప్పనిసరి భాగం, నాలుగుకి బదులు రెండేసి రకాతులే. మీవారు ఇక్కడి ఇమామ్ వెనక చదివితే మాత్రం పూర్తిగా చదవాలి. ఇది మీకు తెలిసే ఉంటుంది. తెలియనిది ఇంకోటి చెప్తాను. మీ నంద్యాల కంటే ఇక్కడ పొద్దు ముందు గుంకుతుంది. డిసెంబరులో ఇరవై నిమిషాలకి పైనే తేడా. మీ మసీదు టైంటేబుల్ కాగితం మడిచి పర్సులో పెట్టుకొస్తే పొద్దు గుంకగానే చదివే మగ్రిబ్ ఆలస్యమవుతుంది, అసర్ కూడా చివరికొచ్చేస్తుంది. ఐదున్నర లోపే పొద్దు పోతుందని గుర్తుపెట్టుకోండి. పైగా మా సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు, ఊరి వెనకాల కొండల్లో దిగుతాడు. బీచ్‌లో కూర్చుని నీళ్ల వైపు చూస్తూంటే ఎప్పుడు గుంకాడో తెలియదు.

ఖిబ్లా, అంటే నమాజుకి తిరగాల్సిన దిక్కు కోసం ఫోను తిప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో సముద్రానికి వీపు పెట్టి నించోండి. అక్కణ్ణించి కాస్త ఎడమకి తిరగండి. అంతే. మా నాన్న నాకు నేర్పిన కొలత ఇది, తర్వాత దిక్సూచితో సరిచూసుకున్నాను. ఆడవాళ్ల విషయం దాచకుండా చెప్పాలి: నాకు తెలిసిన మా మసీదుల్లో ఎక్కువవాటికి ఆడవాళ్ల చోటు వేరుగా లేదు. అది మా లోపమే. అసర్ రూములో చదివి బీచ్‌కి బయల్దేరండి, మగ్రిబ్‌కి బీచ్ మీదే జానిమాజ్ చాప పరవండి. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే ఉజూ కోసం ఒక నీళ్ల సీసా విడిగా పెట్టుకోండి. ఎవరూ ఏమీ అనరు. పక్కన బజ్జీల బండివాడు గిరాకీని కొంచెం అటు జరగమంటాడు, అంతే.

దర్గా. ఇది తాపీగా చెప్తాను.

పాతూళ్లో, పోర్టు మొగలో, పక్కపక్కనే మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, దాన్ని రాస్ హిల్ అంటారు. మూడోది మా ఇషాక్ మదీనా బాబా దర్గా. కింద సన్నటి కాలువలా ఓడల దారి, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. లోపలి రేవుకి పోయే ఓడ ఏదైనా ఈ ఇరుకులోంచే పోవాలి. పెద్ద ఓడ వచ్చినప్పుడు కొండ మీదున్నవాడికి డెక్ మీద నడిచే మనిషి కనపడతాడు. మీ మామగారు అగ్గిపెట్టెలన్నది బయట లంగరేసి వరస కోసం కాచుకునే ఓడలని అయుంటుంది. అవి ఇప్పటికీ అలాగే ఉంటాయి, రాత్రిపూట అయితే అగ్గిపుల్లలు.

పూర్వం ఓడలు దర్గా ముందుకి రాగానే జెండా మూడుసార్లు దించి ఎత్తేవని మా తాత చెప్పేవాడు. ఊరి పేరు కూడా బాబా పేరే, ఇషాక్‌పట్నం కాస్తా విశాఖపట్నం అయిందని మా వీధి పెద్దలంటారు. వైశాఖేశ్వరుడి గుడి ఉండేదనీ, అది సముద్రంలో కలిసిపోయిందనీ, పేరు దానిదేననీ పక్కవీధి వాళ్లంటారు. నా చిన్నప్పట్నుంచి ఈ పంచాయితీ టీకొట్టు దగ్గర నడుస్తూనే ఉంది. టీలు మాత్రం రెండు పక్షాలవాళ్లూ ఒకరికొకరు ఇప్పించుకుంటారు.

మెట్లున్నాయమ్మా, ఎండపడితే మోకాళ్లకి కష్టమే. తెల్లవారి ఫజర్ నమాజు అయ్యాక కాసేపటికి, రాయి చల్లగా ఉండగా తీసుకురండి. ఒక మడత కుర్చీ, నీళ్లు. పది మెట్లకోసారి కూర్చోబెట్టండి. సగంలోనే నీళ్లు కనపడటం మొదలవుతుంది. అక్కడ ఆపేసినా ఏం కాదు, ఫాతెహా ప్రార్థన అక్కణ్ణించి చదివినా చేరుతుంది. పై దాకా ఎక్కించి తీరాలని మాత్రం పంతం పట్టకండి. ఎక్కడం కాదు, దిగేటప్పుడే మోకాలు ఏడిపిస్తుంది.

దిగాక పాతూరు ఒక గంట తిరగండి. అందరూ బీచ్ చూసి వెళ్లిపోతారు, ఊరు ఇక్కడ మొదలైందని ఎవరికీ పట్టదు. విక్టోరియా రాణీబొమ్మ, పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్. 1847 నుంచి నడుస్తున్న సెయింట్ అలోషియస్ బడి. పోర్టు తెరిచింది 1933లో. తొమ్మిదేళ్లైనా తిరక్కుండా, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలొచ్చి బాంబులేశాయి. మా నాయనమ్మ అప్పుడు బియ్యం ఎసట్లో పోస్తోందట. ఎసరు పొయ్యి మీదే వదిలేసి పిల్లల్ని తీసుకుని నడిచి ఊరు దాటిపోయింది. ఇరవై రోజులకి తిరిగొస్తే గిన్నె అలాగే ఉందట, అడుగున బొగ్గుతో. ఆ గిన్నె మా ఇంట్లో ఉండేది, ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశారు. దానికి నాకు ఇప్పటికీ కోపం.

మద్దిలపాలెం అమ్మాయి:

చాచా అంత రాశాక నేనేం చెప్తాను! పిల్లల వంతు నేను చెప్తా అక్కా.

కురుసుర సబ్‌మెరైన్ సోమవారం మూసేస్తారు, అది చూసుకుని ప్లాన్ చేయండి. 1969లో నేవీలోకి వచ్చింది, 2001లో రిటైరైంది, మరుసటేడు ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. తొంభై ఒక్క మీటర్ల పొడుగు, లోపల దారి మాత్రం మన ఇంట్లో బీరువాకీ గోడకీ మధ్య సందంత. గదికీ గదికీ మధ్య గుండ్రటి కన్నంలాంటి తలుపు, దాంట్లోంచి వంగి, కాలు ఎత్తి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని దయచేసి తీసుకెళ్లకండి. వెనక జనం తోస్తూంటారు, మధ్యలో ఆగడానికి ఉండదు. ఆవిణ్ణి బయట సముద్రం ఎదురుగా కూర్చోబెట్టండి. ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, పాపకి అదీ నచ్చుతుంది. ఆ దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది మన వైజాగ్ ముందే అని చెప్తే మీ అబ్బాయి ఫోన్లోంచి తలెత్తుతాడేమో చూడండి.

ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు. పాదాలు తడిసేదాకా చాలు. చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది, కానీ వెనక్కెళ్లే అల కింద ఇసుకని లాగేస్తుంది. ప్రతి ఏడాదీ పిల్లలు పోతున్నారు, ఎక్కువగా బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. యారాడ ఇంకా ప్రమాదం. ఋషికొండ కొంచెం నయం, అక్కడా లైఫ్‌గార్డ్ చెప్పిన హద్దు దాటకండి. బురఖాతో వెళ్తే చూస్తారా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. ఇక్కడ అమ్మమ్మలు పట్టుచీరలతో అలల్లో కూర్చుంటారక్కా. ఎవరి గోల వాళ్లది. తడిసిన బురఖా బరువుగా కాళ్లకి చుట్టుకుంటుంది, ఆ ఒక్కటే చూసుకోండి.

ఒక రోజు భీమిలి రోడ్డుకి ఇచ్చేయండి. ఆటో కాదు, కారు మాట్లాడుకోండి. తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది, అత్తమ్మకి మెట్ల గొడవ లేదు. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువుల విహారం. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆ పేరు అందుకే. పైనుంచి సముద్రం ఒక పెద్ద వంపులా కనిపిస్తుంది. నాకైతే కైలాసగిరి కంటే అదే ఇష్టం, జనం ఉండరు, మైకు ఉండదు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలి. అక్కడ డచ్చివాళ్ల సమాధులున్నాయి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుంది. ఆ దారిలో భోజనం దొరుకుతుంది గానీ మీ లెక్కకి దొరకడం కష్టం. పొద్దున్నే చేపల పులుసు, అన్నం క్యారేజీలో కట్టుకుని వెళ్లండి. భీమిలి ఒడ్డున క్యారేజీ విప్పితే ఆ రుచి వేరు.

ఘాట్‌రోడ్ డ్రైవర్:

టీచర్ గారూ, అరకు నాను రోజూ తిరిగే రోడ్డు. ఏటంటే, వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు పెట్టుకోండి. కిరండూల్ రైలు పొద్దున్న ఏడులోపే కదిలీద్ది, ఫజర్ చదివీసి స్టేషన్‌కొచ్చీయొచ్చు. అద్దాల బోగీ కావాలంటే ముందే బుక్ చెయ్యండి, డిసెంబరులో అది దొరకదు. మొత్తం సొరంగాలే. బైలదిల్లా ఇనుప రాయి పోర్టుకి దింపడానికి వేసిన లైను అది. మనుషులకి అందం చూపిద్దామని వేసింది కాదు. పిల్లలు ప్రతి సొరంగంలో అరుస్తారు, మీరు చెవులు మూసుకోండి.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి. పెద్దమ్మగార్ని పైన వదిలీసి మిగతావోళ్లు దిగండి.

బొంగు చికెన్ గురించి. బళ్ల దగ్గర కోడి ఎవరు కోసారని అడిగితే "మేమే" అంటారు. నిజమే చెప్తారు, అక్కడ అబద్ధం లేదు, కానీ మీకది పనికిరాదు. నా బండిలో వచ్చే మీవాళ్లు ఏం చేస్తారంటే, వైజాగ్‌లో ముందురోజు రాత్రి మీ షాపులో కోడి ముక్కలు కొట్టించి, ఐసు డబ్బాలో పెట్టి తెస్తారు. రైల్లో వెళ్లినా పర్లేదు, నాను కారులో తెచ్చీస్తాను. బండి ఆవిడకి ముక్కలిచ్చీసి "మా చికెనే వండమ్మా" అంటే మసాలా కలిపి బొంగులో కూరి, ఆకుతో మూతేసి మంటలో పెట్టీద్ది. కూలి పుచ్చుకుంటాది. మసాలా కలిపే గిన్నె మాత్రం మీదే ఇవ్వండి. బొంగు గురించి బెంగ అక్కర్లేదు, పచ్చిది అప్పుడే నరికి తెస్తారు, ఒక్కసారికే, తర్వాత పొయ్యిలో పడీడమే. నూనె చుక్క ఉండదు. నంజుకోడానికి నిమ్మకాయ, ఉల్లిపాయ. చలిలో ఆ పొగ వాసనకి మీ అబ్బాయి రొయ్యలు మర్చిపోతాడు.

రాత్రి ఘాట్ దిగొద్దు. మూడింటికల్లా అరకు వదిలీండి. ముందు సీట్లో పెద్దమ్మగార్ని కూర్చోబెట్టండి, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుద్ది.

నంద్యాల టీచరమ్మ:

మీకందరికీ ఎట్లా చెప్పాలో తెలీడం లేదు. మా ఆయన చాచా రాసింది గట్టిగా చదివి వినిపిస్తే, అత్తమ్మ "ఆ ఓడల ఇరుకు దగ్గరది ఇంకోసారి చదువు" అనింది. మూడుసార్లు చదివించుకుంది.

చాచా, ఒక్క సందేహం. రొయ్యల మీద మా ఇంట్లో రెండు పార్టీలు. మా ఆయన, పిల్లోడు తింటారు. అత్తమ్మ మక్రూ, తినకపోవడమే మేలు అంటుంది. పీతల మాటేంది? పిల్లోడు వైజాగ్ పోతే పీత తినాల్సిందేనని ఎవని వీడియోలోనో చూసినాడు. ఇంకోటి, దర్గాలో సమాధి మీద కప్పే చాదర్ ఇక్కడి నుంచి తేవాలా?

వన్‌టౌన్ చాచా:

రొయ్య మీద మా ఇంట్లోనూ రెండు పార్టీలే. నేను తింటాను, మా అన్న ముట్టడు. మనం పాటించే హనఫీ పద్ధతి ఆలిములలోనే, అంటే పండితులలోనే, రెండు మాటలున్నాయి: రొయ్య చేప జాతేనన్నవాళ్లు సరే అన్నారు, కాదన్నవాళ్లు వద్దన్నారు. అన్న ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ రొయ్యలకి వేరే గిన్నె, వేరే గరిటె పెడుతుంది. మీరూ అలాగే చేయండి, ముసలామె మనసు కష్టపెట్టకండి. పీత మాత్రం మన హనఫీల్లో లేదమ్మా. షాఫయీ పద్ధతివాళ్లలో కొందరు తింటారు. అబ్బాయికి ఆ వీడియోలో మనిషి షాఫయీ అయుంటాడని చెప్పండి.

చాదర్, పూలు, అగరొత్తులు ఇక్కడే దొరుకుతాయి. మోసుకురాకండి. వెళ్లేటప్పుడు మాడుగుల హల్వా పట్టుకెళ్లండి, గోధుమపాలు, పంచదార, నెయ్యి, జీడిపప్పు. వారం పైన నిలవుంటుంది. రైల్లో పిల్లలకి డబ్బా చూపించకండి, నంద్యాల దాకా రాదు.

నంద్యాల టీచరమ్మ:

జనవరి. వచ్చి వారమైంది, బడి మొదలై తీరిక లేక ఇప్పుడు రాస్తున్నా.

జగదాంబ దగ్గర వంటగది ఉన్న ఇల్లే తీసుకున్నాం. "ఏ షాపు నుంచి వస్తుంది" అనే ప్రశ్న మొదటి రోజు మా ఆయన అడగలేకపోయినాడు, నేనే అడిగినా. మొదటి హోటల్లో సర్వర్ లోపలికి పోయినాడు, మేం లేచి వచ్చినాం. రెండో చోట కూర్చున్న పెద్దాయన సందు పేరు చెప్పి, "నమ్మకం లేకుంటే పోయి చూసి రాండి, అంతలోకి టీ తాగుతాను" అన్నాడు. పోలేదు. మూడు రాత్రులూ అక్కడే తిన్నాం.

మగ్రిబ్ మొదటి రోజు ఆలస్యం కానే అయింది. చాచా అంత చెప్పినా ఫోన్‌లో యాప్ ఊరి పేరు నంద్యాలలోనే ఉండిపోయింది. రెండో రోజు బీచ్‌లో సముద్రానికి వీపు పెట్టి, ఎడమకు తిరిగి చదివినాం. మురీ మిక్స్చర్ ఆయన తన లైటు మా వైపు తిప్పినాడు.

బొంగు చికెన్‌కు కోడి డ్రైవరన్న తెచ్చినాడు. గిన్నె మాత్రం మేం మర్చిపోయినాం. అరకులో కొత్త స్టీలు గిన్నె కొన్నాం, ఇప్పుడది మా ఇంట్లో పెరుగు గిన్నె.

అత్తమ్మ దర్గా సగం దాకా ఎక్కింది. మడత కుర్చీలో కూర్చుని చాలాసేపు నీళ్ల వైపు చూసి, "అగ్గిపెట్టెలు కాదు, ఇటికరాళ్ల మాదిరి ఉండాయి. ఆయన ఎప్పుడూ తక్కువ చేసే చెప్తాడు" అనింది. చాదర్ పిల్లోనితో పైకి పంపించింది.

మద్దిలపాలెం చెల్లీ, నీ మాట వినలేదు. అత్తమ్మను సబ్‌మెరైన్ బయట కూర్చోబెడదామంటే ఆమె పాప చెయ్యి వదల్లేదు. ఆ గుండ్రటి కన్నాలన్నీ ఒక్కోటి బిస్మిల్లా అని దూరి అవతలికి వచ్చింది, వెనక జనం అంతా ఆగినారు. లోపల వంటగది దగ్గర మాత్రం ఆమె కదలదు. రెండు చేతులు చాపితే గోడలు తగులుతాయి. ఎంతమందికి వండేవారని గైడును అడిగింది. డెబ్బై మందికి పైనే అన్నాడు. ఇంటికొచ్చి వారమైనా, చుట్టాలు ఎవరొచ్చినా దర్గా సంగతి తర్వాత, మొదట ఆ వంటోని సంగతే చెప్తాంది.